కాయ తోలిన రోజు, డబ్బు చేతికొచ్చే రోజు

(చిత్తూరులో చిన్న పరిశ్రమల యజమానులు, మామిడి రైతులు, కామర్స్ విద్యార్థులు పాల్గొన్న సభలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తోటలు పూత మీదున్న రోజులివి. మందు కొట్టే పని పక్కన పెట్టి వచ్చిన రైతులకు ముందుగా నా కృతజ్ఞతలు. మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చారు, జాబ్ వర్క్ యూనిట్ల వాళ్ళు వచ్చారు. బి.కాం. పిల్లలు వెనక వరసల్లో ఉన్నారు, వాళ్ళ కోసం లెక్కలు కాస్త విడమర్చి చెబుతాను.

నాకిచ్చిన అంశం ప్రభుత్వ విధానం, మన జిల్లా వ్యాపారం. విధానం అనగానే మన నోట మొదట వచ్చే మాట రాయితీ. పెట్టుబడి మీద ఎంత శాతం ఇస్తారు, భూమి ఎకరా ఎంతకిస్తారు, కరెంటు యూనిట్‌కు ఎంత తగ్గిస్తారు. వాటి మీద మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి చిన్న యూనిట్లకు లెక్కలు రాస్తూ, రిటర్నులు వేస్తూ వచ్చినవాడిగా నేను వేరే ప్రశ్న పట్టుకుంటాను. సరుకు ఇచ్చినవాడికి డబ్బు ఏ రోజు అందుతుంది? నేను దగ్గరగా చూసిన మూతపడ్డ యూనిట్లలో, నష్టం వచ్చి మూతపడ్డవి తక్కువ. పుస్తకంలో లాభమే కనబడుతుంది. రావలసిన బాకీ రాక, బ్యాంకు వాయిదా కట్టలేక, జీతాలివ్వలేక షట్టర్ దించినవే ఎక్కువ.

పెద్ద విధానాల సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. 2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం పారిశ్రామిక అభివృద్ధి విధానం 4.0, ఎం.ఎస్.ఎం.ఈ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) విధానం 4.0, ఫుడ్ ప్రాసెసింగ్ విధానం 4.0 ఆమోదించింది. 2029 దాకా ఇవే నడుస్తాయి. ప్రతి కుటుంబం నుంచి ఒక పారిశ్రామికవేత్త రావాలన్నారు, 175 నియోజకవర్గాల్లోనూ ఎం.ఎస్.ఎం.ఈ. పార్కులు పెడతామన్నారు. తిరుపతి జిల్లా వైపు చూస్తే శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, బ్లూస్టార్ ఉన్నాయి. 2025 మే నెలలో అక్కడే ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ 5,000 కోట్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. అమర రాజా అయితే 1985 నుంచీ మన మధ్యనే ఉంది. ఇవన్నీ రావాలి, ఇంకా రావాలి. మన పిల్లలు బస్సెక్కి చెన్నైకో బెంగళూరుకో పోకుండా ఇక్కడే ఉద్యోగం చేసుకోవాలంటే ఇవి కావాల్సిందే.

అయితే పెద్ద ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టినా దాని చుట్టూ చిన్నవాళ్ళు చేరతారు. ప్లాస్టిక్ మౌల్డింగ్ చేసేవాళ్ళు, అట్టపెట్టెలు చేసేవాళ్ళు, లేత్ మీద చిన్న పార్టు తిప్పి ఇచ్చేవాళ్ళు. వీళ్ళు ఈరోజు సరుకు పంపి, బిల్లు పెట్టి, ఎదురు చూస్తారు. కూలీకి శనివారం డబ్బులివ్వాలి. ముడిసరుకు వాడు అడ్వాన్సు లేనిదే కదలడు. జీఎస్టీ సంగతి చూడండి. బిల్లు వేశాక, కొన్నవాడి దగ్గర్నుంచి డబ్బు రాకపోయినా మరుసటి నెల 20వ తేదీకి పన్ను కట్టాల్సిందే. అంటే తనకు రాని డబ్బు మీద ముందు తన జేబులోంచి ప్రభుత్వానికి కడతాడు.

వీళ్ళ కోసం ఒక చట్టం ఉంది. 2006లో వచ్చిన ఎం.ఎస్.ఎం.ఈ.డి. చట్టం. దీన్ని మన జిల్లాలో ఎంతమంది వాడుకుంటున్నారో చూస్తే బాధేస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. సూక్ష్మ సంస్థ గానీ, చిన్న సంస్థ గానీ సరుకు ఇస్తే, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువు, అది ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. 90 రోజులని కాగితం మీద సంతకం పెట్టించుకున్నా ఆ 90 చెల్లదు, 45 మాత్రమే చెల్లుతుంది. సరుకు బాగాలేదనుకుంటే ఆ మాట 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేదా, సరుకు ఒప్పుకున్నట్టే. ఆరు నెలల తర్వాత డబ్బు అడగబోతే అప్పుడు క్వాలిటీ గుర్తొచ్చే పెద్దమనుషుల కోసమే ఈ మాట చట్టంలో పెట్టారు.

గడువు దాటితే వడ్డీ. మామూలు వడ్డీ కూడా కాదు, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకోండి. మూడు రెట్లంటే 16.5. పది లక్షల బిల్లు గడువు దాటి ఆరు నెలలు ఆగితే వడ్డీయే 85 వేల పైచిలుకు అవుతుంది. ఆ కట్టిన వడ్డీని కొన్నవాడు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి కూడా వీల్లేదు. మాటతో వినకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అది రాష్ట్రంలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోతుంది. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తీర్పు చెబుతారు. ఆ తీర్పు మీద కోర్టుకు పోవాలంటే కొన్నవాడు ముందు 75 శాతం డబ్బు జమ చేయాలి.

కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో దానికంటే ఎంతో ఎక్కువ పడుతోంది, ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కొందరికి ఆ అనుభవం ఉంది. కానీ అసలు ఇబ్బంది అక్కడ కూడా లేదు. ఇబ్బంది భయంలో ఉంది. ఒకే కంపెనీకి సరుకు పంపి బతుకుతున్నవాడు ఆ కంపెనీ మీద ఎలా ఫిర్యాదు చేస్తాడు? కేసు వేసిన మరుసటి నెల ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది. హక్కు కాగితం మీద ఉంటుంది, దాన్ని అడిగే ధైర్యాన్ని ఏ సెక్షనూ ఇవ్వదు.

అందుకే నాకు 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన మార్పు చాలా ముఖ్యమైనదిగా కనబడుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని ఒక క్లాజు చేర్చారు, 2023-24 లెక్కల నుంచే అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు డబ్బు ఇవ్వకపోతే, ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. ఎప్పుడు డబ్బు కడతారో ఆ ఏడాదే ఖర్చు. పిల్లలూ, లెక్క చూడండి. ఒక కంపెనీ చిన్న యూనిట్ దగ్గర 20 లక్షల సరుకు కొంది. గడువు దాటిపోయింది, మార్చి 31 వచ్చింది, డబ్బు ఇవ్వలేదు. ఆ 20 లక్షలు దాని ఆదాయానికి కలుస్తాయి. పన్ను దాదాపు 25 శాతం అనుకుంటే 5 లక్షలు ఇప్పుడే కట్టాలి. తర్వాత డబ్బు ఇచ్చిన ఏడాది అది సర్దుబాటవుతుంది, నిజమే. కానీ ఈ మార్చిలో 5 లక్షలు బయటికి పోతాయి.

ఇందులో చిన్నవాడు ఫిర్యాదు చేయాల్సిన పనిలేదు. ఎవరితోనూ తగాదా పడక్కర్లేదు. కొన్న కంపెనీ ఆడిటరే వాళ్ళ ఓనరుకు ఫోన్ చేస్తాడు, "సార్, వీళ్ళకు ఇచ్చేయండి, లేకపోతే పన్ను పడుతుంది" అని. మార్చి చివరి వారంలో మా ఆఫీసు ఎలా ఉంటుందో వచ్చి చూడండి. ఏడాదంతా ఫోన్ ఎత్తని కొనుగోలుదారులు వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేసి, "మీ ఉద్యం సర్టిఫికెట్ కాపీ పంపండి, మీరు మైక్రోనా స్మాలా" అని అడుగుతారు. ఉద్యం అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. అడిగిన రెండు రోజులకు డబ్బు పడుతుంది. వాయిదాలు వాయిదాలుగా నానిన బాకీ ఒక్క పన్ను క్లాజుకు కదిలింది. మంచి విధానం అంటే ఇలా ఉండాలని నా నమ్మకం. బలహీనుడు పోయి పోట్లాడాల్సిన అవసరం లేకుండా, బలవంతుడి లెక్కలోనే ఆలస్యానికి ధర కట్టాలి.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఈ క్లాజు వచ్చిన కొత్తలో, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళ దగ్గర కొనడం మానేస్తామని, ఉద్యం రద్దు చేసుకుంటేనే ఆర్డరు ఇస్తామని కొందరు కొనుగోలుదారులు బెదిరించారు. దేశమంతా వినబడిన మాటే ఇది. అలా అడిగితే రద్దు చేసుకోవద్దని నేను అందరికీ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఖర్చు లేదు, ఆధార్‌తో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. సరుకు పంపకముందే చేసుకోండి. బాకీ పడ్డాక చేసుకుంటే తగాదా మొత్తం ఆ తేదీ చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు పల్ప్ ఫ్యాక్టరీల విషయానికొస్తాను. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థ నిర్వచనం మారింది. అంతకుముందు టర్నోవర్ 50 కోట్లు దాటితే మీడియం. ఇప్పుడు యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల దాకా చిన్న సంస్థే. అందులోనూ ఎగుమతుల టర్నోవర్‌ను లెక్కలోంచి తీసేస్తారు. మన చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీలు గల్ఫ్‌కూ యూరప్‌కూ సరుకు పంపేవే కదా. అంటే నిన్నటిదాకా మీడియం అనిపించుకుని 45 రోజుల రక్షణకు దూరంగా ఉన్న ఫ్యాక్టరీల్లో కొన్ని ఇప్పుడు చిన్న సంస్థలయ్యాయి. జ్యూస్ కంపెనీకి పల్ప్ అమ్మితే 45 రోజుల్లో డబ్బు అడిగే హక్కు వాళ్ళకు వచ్చింది. మీ ఉద్యం పోర్టల్‌లో వర్గం మారిందో లేదో చూసుకోండి, మారిన వర్గాన్ని బిల్లు మీద అచ్చు వేయండి. ట్రెడ్స్ అని ఇంకో ఏర్పాటు ఉంది. మన బిల్లును ఆన్‌లైన్‌లో పెడితే బ్యాంకులు పోటీపడి వెంటనే డబ్బు ఇస్తాయి, గడువుకు కొన్న కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటాయి. టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీలన్నీ అందులో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అంతకుముందు ఆ పరిమితి 500 కోట్లు. పెద్ద జ్యూస్ కంపెనీలు ఆ పరిమితి ఎప్పుడో దాటేశాయి. కాబట్టి మీరు అడగాలి.

ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు ఇదే గొలుసు పట్టుకుని కిందికి దిగుదాం. జ్యూస్ కంపెనీ నుంచి పల్ప్ ఫ్యాక్టరీకి వచ్చేసరికి చట్టం ఉంది. పల్ప్ ఫ్యాక్టరీకి కాయ తెచ్చేది ఎవరు? కొంత ర్యాంపు వ్యాపారి, అంటే రైతుల దగ్గర కాయ కొని ఫ్యాక్టరీకి తోలేవాడు, కొంత రైతు నేరుగా. ర్యాంపు వ్యాపారికి ఉద్యం రిజిస్ట్రేషన్ ఇస్తారు, 2021 నుంచి ఇస్తున్నారు, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసం మాత్రమే. 45 రోజుల హక్కు వ్యాపారికి వర్తించదు. రైతు సంగతి చెప్పక్కర్లేదు. పంట పండించడం ఈ చట్టం కింద పరిశ్రమ కాదు, అసలు రిజిస్ట్రేషనే ఇవ్వరు. డ్రమ్ము పల్ప్‌కు 45 రోజుల గడువు పెట్టిన చట్టం, ఆ పల్ప్ తీసిన కాయకు ఒక్క రోజు గడువు కూడా పెట్టలేదు.

2025 సీజన్ ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అంతకుముందేటి పల్ప్ నిల్వలు గోడౌన్లలో ఉండిపోయాయి, ఎగుమతి ఆర్డర్లు తగ్గాయి, పైగా కాపు బాగా వచ్చింది. పల్ప్‌కు వాడే తోతాపురి రకం మామిడి ధర పడిపోయింది. ఫ్యాక్టరీల ముందు కిలోమీటర్ల కొద్దీ ట్రాక్టర్లు నిలిచాయి. టోకెన్ కోసం రెండు మూడు రోజులు రోడ్డు మీద, ట్రాలీలోనే కాయ మగ్గిపోయి నీరు కారింది. ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, రైతుకు మొత్తం 12 అన్నారు. జూన్‌లో కర్ణాటక నుంచి వచ్చే తోతాపురిని జిల్లాలోకి రానివ్వకుండా ఆపారు. దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. జూలైలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 1.62 లక్షల టన్నులకు క్వింటాకు సుమారు 1,490 రూపాయలు ధరగా పెట్టి, మార్కెట్ ధరకూ దానికీ ఉన్న తేడా చెల్లింపుకు ఒప్పుకుంది, ఖర్చు కేంద్రం సగం, రాష్ట్రం సగం. సెప్టెంబరు 22 నుంచి పల్ప్ మీదా, పండ్ల రసం డ్రింకుల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది.

సరిహద్దు మూసిన నిర్ణయం మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన రైతును కాపాడాలన్న తపన అర్థమవుతుంది. కానీ దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణంలో రాసుకున్నాం. కర్ణాటకలోని శ్రీనివాసపురం రైతు కూడా మన ఫ్యాక్టరీలనే నమ్ముకుని చెట్లు పెట్టుకున్నాడు. రేపు మన టమాటా లారీని ఇంకో రాష్ట్రం ఆపితే మనం ఏ మొహంతో అడుగుతాం? ఇలాంటి నిర్ణయాలు సీజన్ మధ్యలో తొందర తొందరగా తీసుకోవాల్సి రావడమే ముందు ఏర్పాటు లేదనడానికి రుజువు.

ఇక ఆ 8 రూపాయలు. ఎనిమిది ఇవ్వాలన్నారు గానీ, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో, ఇవ్వకపోతే ఎంత వడ్డీయో చట్టంలో లేదు. ఆ ఎనిమిదీ పూర్తిగా అందలేదనీ, అందినదీ ఆలస్యమైందనీ రైతులు రోడ్డెక్కారు, పత్రికల్లో అందరం చదివాం. ఒక రైతు నా దగ్గరికి ఒక కాటా చీటీ తెచ్చాడు. చేతిలో నలిగిపోయి, చెమటకు అక్షరాలు పలచబడ్డాయి. ట్రాక్టర్ నంబరు ఉంది. లోడు బరువు, ఖాళీ బరువు, నికర బరువు కిలోలతో సహా ఉన్నాయి. తరుగు కింద కొంత తీసేశారు, అదీ రాశారు. రేటు అని అచ్చు వేసిన గడి ఖాళీ. డబ్బు ఇచ్చే తేదీకి అసలు గడే లేదు. "రేటు ఆమీద చెప్తామన్నారు సార్" అన్నాడు. కాయ ఫ్యాక్టరీ లోపలికి పోయింది, పల్ప్ అయిపోయింది, డ్రమ్ములో కూర్చుంది. రేటు మాత్రం తర్వాత చెబుతారట. నేను ఎన్నో రకాల బిల్లులు చూశాను. అమ్మినవాడికి ధర తెలియని బిల్లు మామిడి దగ్గరే చూస్తున్నాను.

ఆలస్యం ఖరీదు ఎంతో పిల్లలతో పాటు అందరూ లెక్క వేయండి. పది టన్నులు తోలిన రైతుకు కిలో 8 చొప్పున ఫ్యాక్టరీ నుంచి రావలసింది 80 వేలు. ఈ రైతు ఎరువుకూ మందుకూ కోత కూలీకీ బయట అప్పు తెచ్చి ఉంటాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,600. ఆరు నెలలు ఆలస్యమైతే 9,600. పది వేల కిలోల మీద పంచితే కిలోకు 96 పైసలు. ప్రభుత్వం ఖజానాలోంచి కిలోకు 4 రూపాయలు ఇస్తే, అందులో దాదాపు రూపాయిని ఆలస్యమే తినేసింది. అది రైతుకు అందలేదు, వడ్డీ వ్యాపారికి అందింది. రాయితీ పెంచమని మనం అడుగుతున్నాం. ఆలస్యం ఆపితే, ఒక్క పైసా అదనంగా ఖర్చు లేకుండా ప్రభుత్వం కిలోకు రూపాయి ఇచ్చినట్టే.

గడువు పెట్టడం కుదరదని ఎవరైనా అంటే, చెరకును చూపిస్తాను. ఈ జిల్లా చెరకు జిల్లా, బెల్లం జిల్లా. చిత్తూరులోనూ రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోనూ సహకార చక్కెర ఫ్యాక్టరీలు నడిచిన రోజులు ఇక్కడి పెద్దలకు తెలుసు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో రైతుకు డబ్బు ఇవ్వాలి. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఆ ఉత్తర్వు ఉన్నా బకాయిలు పడ్డాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, అది నిజమే. కానీ ఆ రైతు చేతిలో ఒక లెక్క ఉంది. ఎన్ని రోజులు దాటింది, ఎంత వడ్డీ రావాలి అని నిలదీసే ఆధారం ఉంది. ప్రభుత్వం రెవెన్యూ బకాయిలా వసూలు చేయించే వీలు ఉంది. చెరకూ ఫ్యాక్టరీకే పోతుంది, తోతాపురీ ఫ్యాక్టరీకే పోతుంది. రెండూ కోసిన తర్వాత ఆగవు. అరవై ఏళ్ల కిందట చెరకు రైతుకు ఇచ్చిన హామీ ఇప్పటికీ మామిడి రైతుకు లేదు. మార్కెట్ యార్డులో వేలానికి పెడితే యార్డు నిబంధనలు ఉంటాయి, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇచ్చిన కాయకు చెరకు ఉత్తర్వులాంటిది ఏదీ లేదు.

2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాలు మీకు గుర్తున్నాయి. రైతులు ఏడాది పాటు ఉద్యమం చేశారు, 2021 నవంబరులో రద్దయ్యాయి. ఆ చట్టాల మంచిచెడ్డల్లోకి నేను ఇప్పుడు పోను. వాటిలో ఒకదానిలో మాత్రం ఒక వాక్యం ఉండేది. రైతు దగ్గర కొన్న వ్యాపారి అదే రోజు, తప్పనిసరి అయితే మూడు పనిదినాల్లోపు డబ్బు చెల్లించాలి అని. చట్టం పోయింది, ఆ వాక్యమూ పోయింది. దాన్ని ఏరి తెచ్చి మన రాష్ట్రం తన చట్టంలో పెట్టుకోవడానికి అడ్డు లేదు. మార్కెట్లు, సంతలు రాష్ట్ర జాబితాలో ఉన్న అంశమే.

ఫ్యాక్టరీల వాళ్ళు ఇప్పుడు నా వైపు కోపంగా చూస్తున్నారు, చూడాలి కూడా. మీ ఇబ్బంది నాకు తెలుసు, మీ పుస్తకాలూ చూశాను. కాయ కొనేది జూన్, జూలై రెండు నెలలు. పల్ప్ అమ్మేది ఏడాది పొడుగునా. టన్ను కాయ నుంచి చేతికొచ్చేది సుమారు అర టన్ను పల్ప్, మిగతాది తొక్క, టెంక. ఆ పల్ప్‌ను 215 కిలోల అసెప్టిక్ (క్రిములు చేరని) బ్యాగుల్లో నింపి డ్రమ్ముల్లో పెట్టి పదినెలలు కాచుకోవాలి. బ్యాగు మీద, డ్రమ్ము మీద 18 శాతం జీఎస్టీ ముందే కట్టి ఉంటారు. పల్ప్ మీద పన్ను 5కు తగ్గింది కాబట్టి అమ్మినప్పుడు ఆ 18 పూర్తిగా సర్దుబాటు కాదు, మిగిలిన క్రెడిట్‌కు రీఫండ్ అప్లికేషన్ పెట్టుకుని తిరగాలి. పన్ను తగ్గినందుకు సంతోషించిన ఫ్యాక్టరీకి నగదు దగ్గర ఇదొక కొత్త ముడి. బ్యాంకు నిల్వ మీద అప్పు ఇస్తుంది, సాధారణంగా 25 శాతం మార్జిన్, అంటే మన సొంత వాటా, పట్టుకుని మిగతాది ఇస్తుంది. అమ్మిన తర్వాత 90 రోజులు దాటిన బాకీని చాలా బ్యాంకులు లెక్కలోకే తీసుకోవు. జ్యూస్ కంపెనీ వాడు ఆలస్యం చేస్తే ఫ్యాక్టరీ రుణ పరిమితి తగ్గిపోతుంది, అక్కడ ఆగిన డబ్బు ఇక్కడ రైతు దగ్గర ఆగుతుంది. మండీలోనూ ఇదే, ర్యాంపులోనూ ఇదే. పైనున్నవాడి ఆలస్యాన్ని ప్రతివాడూ కింది మెట్టు మీదికి నెడతాడు. చివరి మెట్టు రైతు, అతనికి నెట్టడానికి ఇంకో మెట్టు లేదు.

కాబట్టి ఒక్క ఫ్యాక్టరీ మీద గడువు రుద్దితే సరిపోదు, మూతపడిపోతుంది. నేను అడిగేది రెండు చివరలా ఒకేసారి పట్టుకోమని. కింద, కాయ అందిన 14 రోజుల్లో రైతుకు డబ్బు, దాటితే చెరకులాగే 15 శాతం వడ్డీ. పైన, ఆ 14 రోజుల్లో ఇవ్వగలిగేలా ఫ్యాక్టరీకి సీజన్ రుణం. ఫుడ్ ప్రాసెసింగ్ విధానం కింద ప్రభుత్వం ఎలాగూ రాయితీలు ఇస్తోంది. వాటిలో కొంత భాగాన్ని, గడువులోపు రైతుకు డబ్బు ఇచ్చిన ఫ్యాక్టరీకి ఆ సీజన్ రుణం మీద వడ్డీ రాయితీగా మార్చండి. యంత్రం కొన్నందుకు ఇచ్చే రాయితీ ఒకసారి ఇస్తాం, అయిపోతుంది. గడువు పాటించినందుకు ఇచ్చే రాయితీ ప్రతి ఏడూ పని చేస్తుంది. గడువు తప్పినవాళ్ళకు ఆ ఏడాది రాయితీ ఆగాలి. ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయక్కర్లేదు. 43బి(హెచ్) ఎలా పనిచేసిందో ఇదీ అలాగే పనిచేస్తుంది.

రైతుకు ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అని ఎలా తెలుస్తుందంటారా? 2025లో ఆ 4 రూపాయల కోసమే రైతు పేరు, ఈ-పంట (ఆన్‌లైన్ సాగు వివరాల) నమోదు, తోలిన బరువు, బ్యాంకు ఖాతా అన్నీ రాసుకున్నారు కదా. అదే పట్టికలో ఇంకో రెండు గళ్ళు చాలు. ఫ్యాక్టరీ చెల్లించిన మొత్తం, చెల్లించిన తేదీ.

ప్రభుత్వం కూడా ఈ నియమానికి బయట ఉండకూడదు. రాయితీ ఉత్తర్వు చూసి అప్పు తెచ్చి షెడ్డు కట్టినవాళ్ళున్నారు. ఒక ప్రభుత్వంలో మంజూరైన రాయితీ తర్వాతి ప్రభుత్వం వచ్చినా అందని సందర్భాలు ఉన్నాయి. ఏ పార్టీ అయినా ఇదే కథ. నేను చెప్పిన ఆ ఫిర్యాదుల పోర్టల్‌లో ప్రభుత్వ శాఖల మీద, ప్రభుత్వ రంగ సంస్థల మీద వేసిన కేసులూ ఉన్నాయి. ప్రోత్సాహకాలను ఎస్క్రో ఖాతా ద్వారా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఆ డబ్బును విడిగా పెట్టి, వేరే అవసరానికి మళ్ళించకుండా నేరుగా పరిశ్రమకు చేర్చడం. చాలా మంచి ఆలోచన. అది పెద్ద పెట్టుబడుల దగ్గరే ఆగిపోకుండా పది లక్షల రాయితీ కోసం ఎదురుచూస్తున్న అప్పడాల యూనిట్ దాకా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం తెచ్చిన పి.ఎం.ఎఫ్.ఎం.ఈ. పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ పెట్టారు. మన మహిళా సంఘాలు చాలా దాన్ని నమ్ముకునే మొదలుపెట్టాయి.

రైతులు ఈలోగా ఏం చేయొచ్చు? కలిసి కంపెనీగా ఏర్పడి, పల్ప్ సొంతంగా చేయగలిగితే అప్పుడు మీరూ తయారీ సంస్థ అవుతారు, ఉద్యం వస్తుంది, 45 రోజుల హక్కు వస్తుంది. అది పెట్టుబడితో, ఓపికతో కూడిన పని, రేపటికి అయ్యేది కాదు. ఈ సీజన్‌కు చేయగలిగింది ఒకటుంది. కాయ కోతకు రాకముందే కలెక్టర్ దగ్గర రైతులు, ఫ్యాక్టరీల వాళ్ళు కూర్చునే సమావేశాలు జరుగుతాయి. అక్కడ ప్రతిసారీ మాటంతా రేటు మీదే నడుస్తుంది, పది అని వీళ్ళు, ఆరు అని వాళ్ళు. ఈసారి రేటుతో పాటు తేదీ కూడా అడగండి. మినిట్స్‌లో రాయించండి. కాటా చీటీ మీద రేటు గడి నింపకుండా, డబ్బు ఇచ్చే తేదీ వేయకుండా ట్రాలీ దించబోమని రైతు సంఘాలన్నీ ఒక మాట మీద నిలబడాలి. ఫ్యాక్టరీల వాళ్ళను నేను వేడుకుంటున్నాను, ఆ రెండు గళ్ళూ చట్టం వచ్చేదాకా ఆగకుండా మీరే అచ్చు వేయించండి. ఎవరైనా ఒక్కరు మొదలుపెడితే, మంచి కాయ ముందు మీ గేటుకే వస్తుంది.

ఆ చీటీ నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను, తెలుగులో ఉంది, బయట బల్ల మీద పెట్టించాను. ఉద్యం వర్గం మారిందో లేదో చూసుకోవాలనుకునేవాళ్ళు ఫోన్ తీసుకుని ముందు వరసకు రండి, ఇప్పుడే చూద్దాం. ఇక ప్రశ్నలు అడగండి. రైతులతో మొదలుపెడదాం.